గుండ్రంగా కూర్చుందాం: ఊళ్లో వేరు వేరు వీధుల వాళ్లు మాట్లాడుకునేలా చేయడం ఎలా

మీ ఊళ్లో మీరు ఇంతవరకూ అడుగు పెట్టని వీధి ఉందా? తడుముకోకుండా "లేదు" అన్నారంటే, ఒక కాగితం తీసుకుని మీరు రోజూ నడిచే దారులు గీసి చూడండి. పాలకి వెళ్లే దారి, బడి దారి, గుడి దారి, పొలం దారి. నేను గీశాను. పుట్టి పెరిగిన ఊళ్లో సగం ఊరు నా గీతల్లో లేదు. చెరువు కట్ట కింద కాలనీ లేదు, మసీదు వెనక సందు లేదు, చర్చి దాటాక ఉన్న ఇళ్లు లేవు. ఆ ఇళ్ల వాళ్లు మాత్రం మా వీధికి రోజూ వస్తూనే ఉన్నారు, పనికి.

అలాంటి మేమంతా నెలకు రెండుసార్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టి ఐదేళ్లు దాటింది. మా ఊళ్లో నిలబడింది. పక్క ఊళ్లో రెండు వారాలకే ఆగిపోయింది. ఆ ఆగిపోవడంలో నా తప్పు కూడా ఉంది, అదెక్కడో కింద చెబుతాను. మీ ఊళ్లో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇది కులమతాల గురించి మంచి మాటలు చెప్పే సభ కాదు. సభ అంటే పైన మైకు, కింద జనం. ఇక్కడ అసలు పనంతా కుర్చీల దగ్గర, టీ గ్లాసుల దగ్గర, పిలుపుల దగ్గర ఉంటుంది. అవి సరిచేయకుండా ఎంత మంచి ప్రశ్న అడిగినా, ఎప్పుడూ మాట్లాడేవాళ్లే మళ్లీ మాట్లాడతారు.

పేరు దగ్గరే చిక్కు

"మీటింగ్" అంటే పార్టీ అనుకుంటారు. "పంచాయితీ" అంటే తగువు. "కూడిక" అంటే చర్చి వాళ్ల ప్రార్థన, "సత్సంగం" అంటే గుడి వాళ్ల భజన. "చర్చావేదిక" అంటే ఎవరూ రారు. చివరికి మేం "ముచ్చట్లు" అన్నాం. ఇటు కోస్తాలోనూ అటు తెలంగాణలోనూ అర్థమయ్యే మాట, ఏ జెండాకీ చెందనిది. మీ దగ్గర అలాంటి మాట ఏదుంటే అది వాడండి.

పేరుతో పాటు, ఇది ఏది కాదో కూడా మొదటిరోజే చెప్పేయాలి. ఇక్కడ తీర్పులుండవు, రాజీలుండవు. ఒకరిని కొట్టినా, కులం పేరుతో తిట్టినా, గుడిలోకి రానివ్వకపోయినా అది స్టేషన్‌కీ కోర్టుకీ వెళ్లాల్సిన సంగతి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది అందుకే. 14566 అనే హెల్ప్‌లైన్ నంబర్ ఉన్నదీ అందుకే. దళితుల్ని ఊచకోత కోసిన 1985 కారంచేడు, 1991 చుండూరు చూసిన నేల మనది. అలాంటి చోట ముందు కావలసింది న్యాయం, ముచ్చట్లు కాదు. "కేసెందుకు, ముచ్చట్లలో కూర్చుని సర్దుకోండి" అని ఎవరైనా పెద్దమనిషి అన్నప్పుడు మీరు ఊరుకున్నారంటే, కాలనీ వాళ్లు ఇంక మిమ్మల్ని నమ్మరు. నమ్మకూడదు కూడా.

వినాయక నిమజ్జనానికి ముందు పోలీసులు పెట్టే శాంతి కమిటీలు మీకు తెలిసే ఉంటాయి. నెలనెలా 30న రెవెన్యూ, పోలీసు అధికారులు ఊళ్లోకి వచ్చి జరిపే పౌరహక్కుల దినం గురించీ విని ఉంటారు. రెండూ అవసరమే. కాకపోతే రెంటికీ పిలిచేది అధికారి, వచ్చేది ఎక్కువగా పెద్దలు, అందులోనూ మగాళ్లు. అధికారి జీపు వెళ్లిపోగానే ఎవరి వీధి వాళ్లది. ముచ్చట్లకి పిలిచేది ఊరి వాళ్లే, వచ్చేది కూడా మామూలు జనమే.

ఒక్కరే మొదలుపెట్టకండి

మీరు ఏ వీధి వాళ్లయినా సరే, అవతలి వీధి నుంచి ఒక జోడీ దొరికేదాకా ఆగండి. నాకు ఏడు నెలలు పట్టింది. ఊళ్లో అన్ని వీధులూ తిరిగే మనుషులు కొందరుంటారు: ఆశా వర్కర్, అంగన్‌వాడీ టీచర్, టైలర్, పాలకేంద్రంలో కొలత చూసే అబ్బాయి, సూదులేసే ఆర్ఎంపీ. వాళ్లకి ఎవరింట్లో ఏ బాధ ఉందో తెలుసు, ఏ ఇంట్లో ఏ గుమ్మం దాకా వెళ్లొచ్చో కూడా తెలుసు. నా జోడీ కాలనీకి చెందిన అంగన్‌వాడీ టీచర్. ఈ పనిలో తెలివి ఆవిడది, తిరుగుడు నాది.

ఇద్దరూ కలిసే ఇళ్లకి వెళ్లండి. మీ వీధికీ ఇద్దరూ, వాళ్ల వీధికీ ఇద్దరూ. ఇక్కడ ఒక చిన్న సంగతి. మీరు పెద్ద వీధి వాళ్లయితే కాలనీలో మంచినీళ్లు ఇవ్వడానికి జంకుతారు. మీరు తాగరేమోనని వాళ్ల భయం, ఇచ్చాక తాగకపోతే అవమానం. కాబట్టి మీరే అడగండి: "అమ్మా, కాసిని మంచినీళ్లిస్తారా?" అని. ఇచ్చినవి పూర్తిగా తాగండి. రెండు గుక్కలు తాగి పక్కన పెడితే అది కూడా చూస్తారు. నేను మొదటిసారి అడిగినప్పుడు ఆ ఇంటావిడ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. కొత్త గ్లాసు కోసం పక్కింటికి పంపించిందని తర్వాత తెలిసింది.

సర్పంచ్‌కి చెప్పండి, అనుమతి అడగకండి. ఈ రెంటికీ తేడా గొంతులోనే ఉంటుంది. "ఇలా కూర్చుంటున్నామండీ, మీకు తెలియాలని చెప్తున్నాం, మొదటి నాలుగుసార్లు మాత్రం మీరు రాకుంటేనే మంచిది, మీ ముందు జనం మాట్లాడరు" అని మేం చెప్పాం. నవ్వాడు, ఒప్పుకున్నాడు. రెండు పార్టీల నాయకులకీ ఒకే రోజు చెప్పడం మర్చిపోవద్దు. ఒకరికి ముందు, ఇంకొకరికి మర్నాడు అయిందంటే మీరు ఏ పార్టీయో ఊరే తేల్చేస్తుంది.

ఎంతమంది, ఎవరెవరు

పన్నెండు నుంచి పదహారు మంది. ఇరవై దాటితే సభ అయిపోతుంది. ఏ వర్గం నుంచైనా కనీసం ముగ్గురుండాలి. ఒక్కరే ఉంటే ఆ మనిషి తన మాట చెప్పుకోవడానికి బదులు తన కులానికో మతానికో వకీలైపోతాడు. "మీ వాళ్లు ఎందుకలా చేస్తారు?" అని అందరూ అతన్నే అడుగుతారు. మా మొదటి కూర్పులో ముస్లిం ఒక్కరే, సైకిల్ షాపు భాయ్. రెండుసార్లు ఓపిగ్గా జవాబులు చెప్పి మూడోసారి రాలేదు. షాపుకి వెళ్లి అడిగితే, "ఏం లేదండీ, ఇంటర్వ్యూ అయిపోయింది కదా" అన్నాడు. తర్వాత ఆయన చెల్లెలు, మేనల్లుడితో కలిసి వచ్చాడు. అప్పుడు మాట్లాడింది చెరువు గురించి, పంక్చర్ల గురించి, అల్లుడి గురించి.

సగం మంది ఆడవాళ్లుండాలి. ఊళ్లో బాగా మాట్లాడతారని పేరున్న వాళ్లని తగ్గించండి. వాళ్లు ఎలాగూ మాట్లాడతారు.

చోటు, కుర్చీలు, టీ

రచ్చబండ వద్దు. వినడానికి బాగుంటుంది కానీ, దాని అరుగు మీద ఎవరు కూర్చునేవారో, కింద ఎవరు నిలబడేవారో ముసలివాళ్లకి ఇంకా గుర్తే. గుడి మండపం వద్దు, చర్చి హాలు వద్దు, మసీదు ఆవరణ వద్దు, ఎవరి ఇంటి వసారా కూడా వద్దు. పంచాయతీ ఆఫీసులో అధికారం వాసన వస్తుంది. మిగిలేవి ప్రభుత్వ బడి, లైబ్రరీ, పాలకేంద్రం, తెలంగాణలో అయితే రైతువేదిక. మాకు బడి కుదిరింది.

కుర్చీలైతే అందరికీ కుర్చీలే, చాపలైతే అందరికీ చాపలే. పక్క ఊళ్లో నేను చేసిన తప్పు ఇదే. బడి బెంచీలు వేశాం, ఐదారుగురికి చాలలేదు. కాలనీ ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా కింద కూర్చున్నారు. నేను చూడలేదు. చూడకపోవడమే కాదు, "అందరం సమానంగా కూర్చుందాం" అని మాట కూడా మొదలుపెట్టాను. ఎవరో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. బెంచీల మీద ఎవరు, నేల మీద ఎవరు అన్నది ఫొటోలో స్పష్టంగా కనిపించింది. కాలనీలో కుర్రాళ్లకి కోపమొచ్చింది, రావలసిందే. మర్నాడు వెళ్లి క్షమాపణ అడిగాను. విన్నారు, మంచినీళ్లు కూడా ఇచ్చారు, ముచ్చట్లకి మాత్రం రాలేదు. అప్పట్నుంచి ముందే వెళ్లి కుర్చీలు లెక్కపెట్టుకుంటాను, రెండు ఎక్కువే వేస్తాను. ఫొటోలు పూర్తిగా మానేశాం.

గుండ్రంగానే వేయండి. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకి ఇది కొత్తేం కాదు. పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుని లెక్కలు చూసుకోవడం వాళ్లకి ఎప్పట్నుంచో అలవాటు. కాకపోతే సంఘాలు చాలావరకు ఏ వీధికి ఆ వీధిగా ఉంటాయి కాబట్టి గుండ్రంగా ఉన్నా ఒకే రంగు. మీ జోడీ వీధి వాళ్లని వరసగా ఒకేచోట కూర్చోనివ్వకండి. ఎలాగంటే, ముందు వచ్చిన వాళ్లకి అటో కుర్చీ, ఇటో కుర్చీ మీరే చూపించండి. చీట్లు తీయించడం లాంటివి వద్దు, పెళ్లిలో ఆటల్లా ఉంటుంది.

ఇక టీ. అన్నీ ఒకేరకం గ్లాసులు ఉండాలి. పేపర్ గ్లాసులతో పని సులువే, కానీ ఊళ్లో హోటళ్లు, దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద మాట పడకుండా ఉండటానికి వాడిన ఉపాయమూ అదే కదా. అందుకే మేం స్టీలు గ్లాసులు కొన్నాం, రెండు డజన్లు. టీ ఎవరు పెడతారు, ఎవరు పంచుతారు, ఎవరు కడుగుతారు అన్నది వంతులు. ఈ మూడింట్లో కష్టం కడగడం దగ్గరే వస్తుంది. మొదటి వంతు మీరే తీసుకోండి, రెండోది మీ వీధి మగాడికివ్వండి.

టైము కూలికి అడ్డం రాకూడదు. నాట్లు, కోతలు ఉన్నప్పుడు ఆపేయండి. శుక్రవారం నమాజు, ఆదివారం చర్చి, రంజాన్ నెలలో సాయంత్రాలు వదిలేయండి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఫలితాలదాకా అసలు పెట్టకండి. మాకు కుదిరింది బుధవారం సాయంత్రం ఆరున్నర.

పిలుపుల గొడవ

తెలుగులో మాట్లాడటమంటే ముందు "నువ్వు"కీ "మీరు"కీ మధ్య ఒకటి ఎంచుకోవాలి. ఇరవై రెండేళ్ల కుర్రాడు అరవై దాటిన పాలేరుని "ఏరా" అంటాడు. ఆయన ఆ కుర్రాణ్ని "బాబుగారూ" అంటాడు. ఇద్దరికీ అందులో తప్పు కనిపించదు. కానీ అది అలాగే ఉంచి గుండ్రంగా కూర్చోబెడితే మీరు చేసింది ఏమీ లేదు.

మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: ఇక్కడ ఉన్నంతసేపు వరస పెట్టి పిలవాలి, లేదా "గారు" అనాలి. మా కుర్రాడికి ఆ రెండూ నోరు తిరగలేదు. అలాగని నియమమూ తప్పలేదు. రెండు సమావేశాలపాటు మనిషిని పిలవకుండానే నెట్టుకొచ్చాడు. "టీ తీసుకుంటే బాగుంటుంది", "అటు జరిగితే వీలుగా ఉంటుంది". నువ్వూ లేదు, మీరూ లేదు. మాకు నవ్వాగలేదు కానీ ఎవరం ఏమీ అనలేదు. మూడోసారి కరెంటు పోయింది. చీకట్లో ఉక్కపోస్తుంటే, "తాతా, ఆ విసనకర్ర ఇటివ్వు" అనేశాడు. అన్న తర్వాత తనే ఒక్క క్షణం ఆగాడు.

ముసలాయన మాత్రం ఇవాళ్టికీ అప్పుడప్పుడు "బాబుగారూ" అంటాడు. సరిదిద్దకండి. అలవాటు మార్చుకోవలసిన బరువు ఆయన మీద పెట్టొద్దు.

యాస కూడా ఇందులోకే వస్తుంది. "ఎల్లినా", "ఒచ్చిండు", "సూశాను" అని ఎవరైనా అంటే, పక్కవాళ్లు దాన్ని శుద్ధి చేసి తిరిగి చెప్పడం మొదట్లోనే ఆపాలి. ఉర్దూలో మాట బాగా వచ్చేవాళ్లు ఉర్దూలోనే చెబుతారు. పక్కనున్న వాళ్లు తెలుగులో అందుకుంటారు. ఏజెన్సీ ఊళ్లలో కోయకైనా, గోండికైనా ఇంతే.

మొదటి సాయంత్రం

చేతికి ఒక వస్తువు కావాలి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. పక్కవాళ్లకి అందిస్తూ చుట్టూ తిప్పుతారు. చాలాచోట్ల ఇలా రాయో కర్రో వాడతారు. మేం మొదట బడిలో ఉందని డస్టర్ వాడాం, అందరికీ తుమ్ములు. తర్వాత తాటాకు విసనకర్ర పెట్టాం. ఊపుకోవచ్చు, మాట తోచనప్పుడు దాని అంచు గిల్లుకుంటూ కూర్చోవచ్చు. చేతికొచ్చాక మాట్లాడాలని లేకపోతే ఊరికే పక్కవాళ్లకి ఇచ్చేయవచ్చు. ఈ మాట తప్పకుండా చెప్పండి. మా దగ్గర ఒకావిడ నాలుగు నెలలు విసనకర్ర అందుకోవడం, ఇచ్చేయడం, అంతే. ఒక్కరోజు కూడా మానలేదు.

మీరు ఎక్కువ మాట్లాడకండి. ఎవరైనా చెప్పింది మీరు మళ్లీ చక్కగా చెప్పకండి. ఒకరు చెప్పగానే "దీనికి మీరేమంటారు?" అని ఇంకొకరిని లాగకండి, అది టీవీ డిబేట్. గంటన్నర చాలు, ఎంత బాగా సాగుతున్నా ఆపేయండి.

ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు అని నియమం పెడతారు చాలామంది. ఊళ్లో అది జరిగే పనా? ఇంటికి వెళ్లగానే "ఏం మాట్లాడారు?" అని అడగని ఇల్లుంటుందా? మేం నెమ్మదిగా ఇంకోలా పెట్టుకున్నాం: సంగతి చెప్పుకోండి, ఎవరన్నారో చెప్పకండి. అది చాలావరకు నిలిచింది.

ఏం అడగాలి

అభిప్రాయం అడిగితే ఉపన్యాసం వస్తుంది. జరిగింది అడగండి.

మొదటిరోజుకి నేను వాడే ప్రశ్న: మీకు ఈ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు? తేలిగ్గా కనిపిస్తుంది, ఊరు మొత్తం బయటికొస్తుంది. ముందు పుట్టిన పిల్లలు దక్కక, పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పెట్టారని ఒకాయన చెప్పాడు. ఆ బాధ ఏ కులపు తల్లికైనా ఒకటే కాబట్టి అవతలి వీధి నుంచి ఇద్దరు ముగ్గురికి వాళ్ల నాయనమ్మలు గుర్తొచ్చారు. మా గుంపులో ఒక మస్తానయ్య ఉన్నాడు, హిందువు. ఒక మస్తాన్ ఉన్నాడు, ముస్లిం. ఇద్దరి తల్లులూ మొక్కుకున్నది ఒకే దర్గాకి. ముప్పై ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉంటూ ఈ సంగతి ఇద్దరికీ ఆ రోజే తెలిసింది. ఒక్క జాగ్రత్త: కొందరికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉంటుంది. ఎందుకని అందరి ముందూ అడగకండి, అది ఉద్యోగాలతోనూ రిజర్వేషన్‌తోనూ ముడిపడిన సంగతి.

రెండోరోజు వానలు, వరదలు. దివిసీమ వైపు ముసలివాళ్లయితే 1977 నవంబరు 19 ఉప్పెన చెబుతారు. కర్నూలు వాళ్లకి 2009 వరద, విశాఖ వాళ్లకి 2014 హుద్‌హుద్, విజయవాడ వాళ్లకి 2024 బుడమేరు. "ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు? ఎవరు అన్నం పెట్టారు?" అని అడగండి. నీళ్లొచ్చినప్పుడు జనం ఎవరి మేడ ఎక్కారో, ఎవరి గిన్నెలో తిన్నారో చెబుతారు. నీళ్లు తీశాక ఏమైందన్నది కూడా ఎవరో ఒకరు చెబుతారు.

పీర్ల పండుగ, జాతర, క్రిస్మస్: "పక్కవాళ్ల పండగలో మీకు ఇష్టమైనది ఏది?" అన్నది మూడోరోజుకి బాగుంటుంది.

నాలుగో రోజుకి గాని గట్టి ప్రశ్న వేయకండి. "చిన్నప్పుడు ఎవరింటికి వెళ్లొద్దని చెప్పారు? ఎవరు చెప్పారు?" దీనికి అన్ని వైపుల నుంచీ జవాబులుంటాయి. ఒకరికి వెళ్లొద్దన్నారు, ఒకరికి రావొద్దన్నారు. ఈ రెండూ ఒకటి కావని ఆ గుండ్రంలోనే తెలుస్తుంది, మీరు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఎప్పుడైనా, మొదట నేనడిగిన ప్రశ్న: ఈ ఊళ్లో మీరు వెళ్లని వీధి ఏది?

మాట తేడా వచ్చినప్పుడు

మొదట వచ్చేది కోపం కాదు. "మన ఊళ్లో అలాంటివేం లేవండీ, అందరం అన్నదమ్ముల్లా ఉంటాం" అనే మాట. ఎక్కువగా పెద్ద వీధి నుంచి వస్తుంది, మనస్ఫూర్తిగానే వస్తుంది. ఖండించకండి. "అయితే ఈ ఏడాది మీరు ఎవరెవరి ఇళ్లలో భోంచేశారో చుట్టూ ఒకసారి చెప్పుకుందాం" అని విసనకర్ర తిప్పండి. ఆయన్ని ఒక్కణ్నే అడిగితే దెబ్బ కొట్టినట్టు, అందర్నీ అడిగితే లెక్క చూసుకున్నట్టు.

కోపం వచ్చినప్పుడు, అది పడ్డవాళ్ల కోపమైతే రానివ్వండి. గొంతు తగ్గించమనకండి. "మర్యాదగా మాట్లాడుకుందాం" అనే మాట ఎప్పుడూ ఎవరికి చెబుతున్నామో గమనించుకోండి. అదే కులం పేరుతో తిట్టు వచ్చిందా, మతం మీద ఎగతాళి వచ్చిందా, అక్కడికక్కడే ఆపాలి. అది ఆపాల్సింది ఆ మనిషి వీధి నుంచి వచ్చిన నిర్వాహకులే. నా వీధి వాడు నోరు జారితే నేను ఆపుతాను, మా టీచర్ కాదు. ఇద్దరు కావాలని మొదట్లో అన్నది ఇందుకే.

ఎవరైనా ఏడిస్తే కంగారుపడి టీ తెప్పించకండి. కాసేపు అందరూ ఊరుకుంటే చాలు. లేచి వెళ్లిపోతే ఆ రాత్రే వెనకాల వెళ్లొద్దు, మర్నాడు పొద్దున ఇంటికి వెళ్లండి, జోడీగా. ఇంట్లో భర్త కొడుతున్నాడని ఎవరైనా చెబితే అది గుంపులో నడిపే విషయం కాదు. పక్కకి పిలిచి 181 నంబర్ ఇవ్వండి, కావాలంటే తోడు వెళ్లండి.

ఆడవాళ్లు విడిగా కూడా

కలిపి కూర్చుంటేనే ముచ్చట్లు అని నేనూ మొదట్లో పట్టుబట్టాను. తప్పు. మామగారి ముందు కోడలు, ఆసామి ముందు కూలీ మనిషి మాట్లాడటం ఒక్కసారిగా జరగదు. నెలలో ఒకటి ఆడవాళ్లదే పెట్టుకున్నాక, కలిసిన దాంట్లో కూడా వాళ్ల గొంతు పెరిగింది.

ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మన రాష్ట్రానికి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, చదివిన పాఠం మీద మాట్లాడుకుంటూ తమ ఇళ్ల సంగతికొచ్చారు. అక్కణ్నుంచి సారా దుకాణం మీదికి వెళ్లారు. వాళ్లని ముందుండి నడిపిన రోశమ్మ పేరు ఊరూరా వినిపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. బళ్లో గుండ్రంగా కూర్చోవడం అక్షరాల కోసం, తేలింది ఇంకోటి.

చేతికి పని దొరకాలి

ఆరేడుసార్లు మాట్లాడుకున్నాక "ఇంతకీ ఏం చేద్దాం?" అని ఎవరో అంటారు. అననివ్వండి, ముందే మీరు అనొద్దు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు, వేరు వేరు జనాన్ని ఊరికే ఒకచోట కలిపితే ద్వేషం తగ్గదు అని. కలిసినచోట స్థాయి సమానంగా ఉండాలి, అందరికీ కావలసిన లక్ష్యం ఒకటి ఉండాలి, దానికోసం పోటీపడకుండా కలిసి పనిచేయాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. మా ఊరి అనుభవం కూడా ఇంతే. సమానమైన కుర్చీల తర్వాత మాకు అక్కరకొచ్చింది బస్సు.

కాలేజీ పిల్లలకి పొద్దున బస్సు లేదు. అన్ని వీధుల పిల్లలకీ లేదు. అర్జీ రాసి డిపోకి వెళ్లినప్పుడు మా కుర్రాడూ, కాలనీ అమ్మాయీ, సైకిల్ షాపు భాయ్ మేనల్లుడూ ఒకే ఆటోలో వెళ్లారు. బస్సు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలే మాకు లాభం.

పని ఎంచుకునేటప్పుడు తేలికది ముందు. శ్మశానం దారి, గుడి ప్రవేశం, ఇళ్ల స్థలాలు లాంటివి తర్వాతే. భూమి సంగతి ఎత్తితే మాత్రం పోచంపల్లి గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న, తర్వాత భూదానోద్యమం నడిపిన వినోబా భావే అక్కడి దళితుల్ని ఏం కావాలని అడిగితే ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నారు. ఆయన అదే ప్రశ్న ఊరి జనం ముందు పెట్టాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నాడు. మీ ఊళ్లో అలా ఎవరో లేస్తారని కూర్చోకండి. కానీ ఎంత కావాలో ఊరందరి ముందూ నోటితో చెప్పించడం మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు.

భోజనం చివర్న

చాలామంది సహపంక్తి భోజనంతోనే మొదలుపెడతారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కృష్ణా జిల్లా ముదునూరులో పున్నమి రాత్రుల్లో అలాంటి భోజనాలు పెట్టించాడంటే, దాని వెనక ఆయన, ఆయన భార్య సరస్వతిగారు వెలివేతకి సిద్ధపడి గడిపిన జీవితముంది. మనం బానర్ కట్టి ఒకపూట పెడితే, తినేవాళ్లు ఫొటోకి తింటారు. కొందరికి సరిగ్గా ఆ రోజే శనివారం ఉపవాసం గుర్తొస్తుంది.

టీతో ఆర్నెల్లు నడపండి. తర్వాత సీజన్‌లో మామిడికాయ ముక్కలు, తేగలు, జొన్నపొత్తులు. ఆ తర్వాత అన్నం. వండేవాళ్లని బయటినుంచి పిలుద్దాం అని తప్పకుండా ఎవరో అంటారు. అది కూడా తప్పించుకోవడమే, నవ్వుతూ వద్దనండి. అన్ని వీధుల నుంచీ ఇద్దరేసి కలిసి ఒకే పొయ్యి మీద వండాలి. కూరలో ఏముండాలన్నది పెద్ద చర్చే. అందరికీ ఇబ్బంది లేకుండా శాకాహారం అన్నారంటే, ఎవరి ఇబ్బందిని లెక్కలోకి తీసుకున్నామో కూడా మాట్లాడుకోవాలి. మేం మొదటిసారి పులిహోర, పెరుగన్నం, కోడికూర చేశాం. ముగ్గురు తినకుండా వెళ్లారు. వాళ్లలో ఒకరు తర్వాతిసారి పెరుగన్నం తిన్నారు. ఇంకో ఇద్దరు ఇంకా తినలేదు, ముచ్చట్లకి మాత్రం వస్తున్నారు. బలవంతం లేదు, పొగడ్తా లేదు.

పట్నంలో అయితే

అపార్ట్‌మెంట్లలో వీధులుండవు, లిఫ్టులుంటాయి. పనిమనిషికి వేరే లిఫ్టు, డెలివరీ కుర్రాడికి మెట్లు. ఇల్లు అద్దెకిచ్చే ముందు "మీరు ఏవిట్లు?" అని అడగడం, ముస్లిం పేరు వినగానే ఇల్లు ఖాళీ లేకపోవడం. అక్కడ ముచ్చట్లు పెట్టాలంటే వాచ్‌మన్ కుటుంబాన్ని, పని చేసే ఆడవాళ్లని కుర్చీ వేసి పిలవాలి. వాళ్లకి పని లేని టైములో, జీతంలో కోత లేకుండా. అసోసియేషన్ మీటింగ్‌కి దీన్ని కలిపారో, మెయింటెనెన్స్ బిల్లు మీదే గంట పోతుంది.

ఖర్చూ, రాతలూ

మాకు ఒక్కోసారికి టీకి రెండొందల దాకా అవుతుంది. డబ్బాలో ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు, ఎవరెంత వేశారో రాయం. పార్టీ వాళ్లు, ఎన్నారైలు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు ఇస్తామంటే వద్దన్నాం. డబ్బొస్తే బానర్ కావాలంటారు, బానర్ మీద ఎవరి బొమ్మ ముందుండాలన్న గొడవొస్తుంది. పుస్తకంలో తేదీ, ఎంతమంది వచ్చారు, తర్వాత ఎప్పుడు, ఈ మూడే రాస్తాం.

ఆ మూడోది అందరూ లేవకముందే అడగండి. లేచాక అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వారం చెబుతారు. బడి తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అప్పుడే తేల్చుకోండి. మాది మొన్నటిదాకా నా దగ్గరే ఉండేది. ఇప్పుడు కాలనీలో ఉంటుంది. మొన్న బుధవారం నేను ఆలస్యంగా వెళ్లేసరికి కుర్చీలు వేసేశారు. రెండు ఎక్కువే వేశారు.